కేంద్రమూ ఒక ప్రాంతమే: జావా గామెలాన్ వాద్యబృందాల్లో ప్రాంతీయ భేదాలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఇండోనేషియాలోని జావా ద్వీపానికి చెందిన కాంస్య వాద్యబృందం గామెలాన్. దీనిని ఒకే సంగీతంగా పరిచయం చేయడం, ప్రాంతీయ రూపాలను దాని శాఖలుగా పరిగణించడం పరిపాటి. సురకర్త, యోగ్యకర్త, బన్యుమాస్, తూర్పు జావా బాణీలను పోల్చి చూసి, ‘ప్రమాణం’గా చెలామణి అవుతున్నది కూడా ఒక ప్రాంతపు బాణీయేనని, దానికి ఆ స్థానాన్ని కల్పించడంలో లిపి, ఆకాశవాణి, విద్యాలయం, ధ్వనిముద్రణ సంస్థ ప్రధాన పాత్ర వహించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మార్గ–దేశి విభజన ఈ సందర్భానికి ఎంతవరకు వర్తిస్తుందో కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గామెలాన్, బాణీ, స్లెండ్రో, పెలోగ్, పథెత్, గరప్, ప్రమాణీకరణ, మార్గ–దేశి.

1. ప్రవేశిక

1889లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ‘జావా గ్రామం’ పేరుతో ఒక ప్రాంగణాన్ని ఏర్పాటు చేశారు. ఫ్రెంచి సంగీతకర్త క్లోద్ దెబుసీ గామెలాన్‌ను విన్నది అక్కడే. ఆ అనుభవం ఆయన రచనలపై చూపిన ప్రభావం గురించి పాశ్చాత్య విమర్శకులు విస్తారంగా రాశారు. అయితే ఆ ప్రాంగణంలో వాయించినవారు పశ్చిమ జావాలోని పరకన్ సలక్ తేయాకు తోట నుంచి వచ్చిన సుండా కళాకారులు. నాట్యమాడిన యువతులు మధ్య జావాలోని మంకునెగరన్ సంస్థానానికి చెందినవారు. వారి భాషలు వేరు, సంగీత సంప్రదాయాలు వేరు. ప్రేక్షకుల దృష్టిలో మాత్రం ఆ రెండూ కలిసి ‘జావా’ అయ్యాయి.

2021 డిసెంబరులో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో గామెలాన్‌ను చేర్చింది. అక్కడా అది ఒకే పేరుతోనే నమోదైంది. ఒక కళకు గుర్తింపు కోరేటప్పుడు ఒకే పేరు అవసరమవుతుంది. కాని ఆ పేరు కింద ఎవరి సంగీతం వినిపిస్తోందన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే ఆధారం.

పరిధిని ముందుగా స్పష్టం చేయడం అవసరం. జావా ద్వీపం, జావా జాతి అనేవి పర్యాయపదాలు కావు. ద్వీపపు పశ్చిమ భాగంలోని సుండా జనానికి వేరే భాష, దెగుంగ్ వంటి వేరే వాద్యబృందాలు ఉన్నాయి. వాటికి ప్రత్యేక అధ్యయనం అవసరం. ఇక్కడి చర్చ ప్రధానంగా జావా భాష మాట్లాడే మధ్య, తూర్పు ప్రాంతాలకు పరిమితం.

2. వాద్యసముదాయం – శ్రుతి వ్యవస్థ

‘గామెల్’ అంటే కొట్టడం. గామెలాన్‌లో అధిక భాగం కొట్టి వాయించే కాంస్య వాద్యాలే. సారోన్, దెముంగ్, స్లెంథెమ్ అనే పలకల వాద్యాలు మూల స్వరావళిని నడిపిస్తాయి. వరుసగా అమర్చిన బొడ్డు గంటల వాద్యం బొనాంగ్. కెథుక్, కెనోంగ్, కెంపుల్ ఆవర్తంలోని భాగాలను సూచిస్తాయి. పెద్ద గోంగ్ మోగితే ఒక ఆవర్తం పూర్తయినట్లు. కెందాంగ్ అనే మద్దెల గమనాన్ని శాసిస్తుంది. గెండేర్, గంబాంగ్, రెబాబ్, వేణువు, గాత్రం మూల స్వరావళిని అల్లుకుంటూ సాగుతాయి.

ఇందులో రెండు శ్రుతి వ్యవస్థలున్నాయి. స్లెండ్రోకు ఐదు స్వరాలు, పెలోగ్‌కు ఏడు. అయితే ఈ స్వరాల మధ్య అంతరాలు అన్నిచోట్లా ఒకే కొలతలో ఉండవు. ఒక గామెలాన్ స్లెండ్రోకు, పొరుగు గ్రామంలోని గామెలాన్ స్లెండ్రోకు తేడా ఉంటుంది. ఆ సూక్ష్మభేదాన్ని ‘ఎంబత్’ అంటారు. ఒక సముదాయంలోని వాద్యాన్ని మరో సముదాయంలో పెడితే సాధారణంగా శ్రుతి కలవదు. అందుకే ప్రతి సముదాయాన్నీ ఒక విడదీయరాని వ్యక్తిగా భావిస్తారు. ముఖ్యమైన వాటికి ‘క్యాయి’ అనే గౌరవవాచకంతో పేరు పెడతారు. మంకునెగరన్ సంస్థానంలోని క్యాయి కన్యుత్ మెసెమ్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

ఈ విషయానికి సైద్ధాంతిక ప్రాధాన్యం ఉంది. ముందు ఒక ఆదర్శ శ్రుతి ఉండి, ప్రాంతాలు దాని నుంచి పక్కకు జరగలేదు. భేదం మొదటి కంచు పలకను శ్రుతి చేసినప్పుడే మొదలవుతుంది. కనుక ప్రాంతీయ భేదాన్ని ‘తప్పుకోవడం’గా వర్ణించే పరిభాష ఈ సంగీతం విషయంలో మొదటి మెట్టులోనే నిలవదు.

3. ఒక రాజ్యం – రెండు బాణీలు

ఆస్థాన సంప్రదాయం ఏకరూపమైనదని, వైవిధ్యమంతా గ్రామాల్లోనే ఉందని భావించడం సులభం. చరిత్ర అందుకు అంగీకరించదు. 1755లో గియాంతి ఒప్పందంతో మతరం రాజ్యం సురకర్త, యోగ్యకర్తలుగా చీలింది. 1757లో మంకునెగరన్, 1813లో పకువలమన్ సంస్థానాలు ఏర్పడ్డాయి. అంటే ‘ఆస్థాన బాణీ’ అనబడేది రాజకీయ విభజన తర్వాత పరస్పర స్పర్ధలో రూపుదిద్దుకున్న బాణీల సముదాయం.

సెకాతెన్ ఉత్సవం ఈ విభజనకు నేటికీ సాక్ష్యం. ముహమ్మద్ ప్రవక్త జయంతి సందర్భంగా మసీదు ప్రాంగణంలో రెండు భారీ గామెలాన్‌లను మార్చి మార్చి వాయిస్తారు. సురకర్తలో వాటి పేర్లు గుంతుర్ మదు, గుంతుర్ సరి. యోగ్యకర్తలో గుంతుర్ మదు, నగవిలగ. విభజన సమయంలో పాత జతను చెరొకటిగా పంచుకొని, లోటు తీర్చుకోవడానికి రెండు ఆస్థానాలూ కొత్తవాటిని చేయించుకున్నాయని సంప్రదాయ కథనం. ఆ విధంగా ఒకే పేరు రెండు నగరాల్లోనూ మోగుతోంది. ఏది అసలు, ఏది ప్రతి అన్న వాదానికి ఇక్కడ పెద్దగా ప్రయోజనం లేదు. రెండూ వారసత్వమే, రెండూ పునర్నిర్మాణమే.

వాదన పద్ధతిలోనూ తేడాలు స్పష్టం. యోగ్యకర్తలో ‘సోరన్’ అనే గంభీర వాదనానికి ప్రత్యేక స్థానం ఉంది. అందులో మృదువాద్యాలు విరమిస్తాయి. సారోన్, బొనాంగ్ వర్గాలు ముందుకు వస్తాయి. మంద్రస్థాయిలో పలికే బొనాంగ్ పనెంబుంగ్, రెండు దెముంగ్‌లు పరస్పరం అల్లుకునే ‘ఇంబల్’ ఆ బాణీ గుర్తులు. సురకర్త బాణీలో రెబాబ్, గెండేర్, గాత్రాల సున్నితమైన అల్లికకు ప్రాధాన్యం ఎక్కువ. ఈ భేదాన్ని సురకర్త సుకుమారం, యోగ్యకర్త గంభీరం అని రెండు మాటల్లో చెప్పడం వాడుక. అయితే యోగ్యకర్తలోనే ‘లిరిహన్’ అనే మృదువాదనం కూడా ఉంది. కాబట్టి ఈ జంట విశేషణాలను వర్ణనగా కాక, రెండు నగరాలు తమ గురించి తాము చెప్పుకునే ఆత్మకథగా గ్రహించడం యుక్తం.

4. బన్యుమాస్: వెదురులోని గామెలాన్

మధ్య జావా పశ్చిమ భాగంలో, సెరాయు నది పరీవాహక ప్రాంతంలో ఉన్నది బన్యుమాస్. అక్కడి యాస ఆస్థాన నగరాల భాష కంటే భిన్నమైనది. ‘ఏమిటి’ అనే అర్థంలోని పదాన్ని ప్రామాణిక జావా భాష ‘ఒపొ’ అని పలికితే, బన్యుమాస్ ‘అపా’ అని పలుకుతుంది. ఇక్కడ పాత అకారాన్ని నిలుపుకొన్నది యాసే. మారింది ‘ప్రమాణ’ భాష. అయినా మోటుదనమన్న నింద యాసకే మిగిలింది. మాండలికాల అధ్యయనంలో ఇది అపరిచితమైన పరిణామం కాదు.

సంగీతంలోనూ ఇటువంటి దృష్టే కనిపిస్తుంది. బన్యుమాస్‌కు ప్రత్యేకమైన ‘చలుంగ్’ బృందం వెదురుతో నిర్మితమైనది. రెండు గంబాంగ్‌లు, ధెంధెమ్, కెనోంగ్ అన్నీ వెదురువే. కంచు గోంగ్ స్థానంలో వెదురు గొట్టంలోకి ఊది నాదం పుట్టించే ‘గోంగ్ బుంబుంగ్’ ఉంటుంది. ఈ బృందం లెంగ్గెర్ నాట్యానికి సహకరిస్తుంది. కంచు కొనలేని వారు వెదురుతో చేసిన నకలుగా చలుంగ్‌ను చూసే అవకాశం ఉంది. ఆ వివరణ చాలదు. బన్యుమాస్ కళాకారులు కంచు గామెలాన్ వాయించినప్పుడు కూడా చలుంగ్‌లోని త్వరిత అల్లికలను, వాద్యకారులు మధ్యమధ్య విసిరే ‘సెంగ్గకన్’ అనే కేకల్ని, చమత్కారాల్ని అందులోకి తెస్తారు. అనుకరణ ఇక్కడ వెదురు నుంచి కంచుకు కూడా ప్రవహిస్తోంది.

‘రిచిక్-రిచిక్’ అనే చిన్న కృతి ఆస్థాన నగరాల్లోనూ, బన్యుమాస్‌లోనూ వినిపిస్తుంది. బన్యుమాస్ రూపాన్ని ‘రిచిక్-రిచిక్ బన్యుమాసన్’ అని ప్రాంతనామంతో పిలుస్తారు. సురకర్తలో వాయించే రూపానికి తరచుగా ఏ విశేషణమూ ఉండదు. ఊరి పేరు చెప్పుకోవలసిన అగత్యం ఒకరికి ఉండటం, మరొకరికి లేకపోవడమే ప్రమాణం పనిచేసే తీరు.

బాణీని నిర్ణయించేది వాద్యమా, వాదనమా అన్న ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. జావా సంగీతశాస్త్రజ్ఞుడు రహాయు సుపాంగా తన ‘బొథెకన్ కరవితన్’ గ్రంథంలో విశదీకరించిన ‘గరప్’ భావన దీనికి దారి చూపుతుంది. కళాకారుడు మూల సామగ్రిని స్వీకరించి, సందర్భాన్ని బట్టి దానిని పండించే విధానమే గరప్. ఈ దృష్టితో చూస్తే ప్రాంతీయత వాద్యాల పట్టికలో కాక, వాటిని వాయించే చేతిలో ఉంటుంది. వాద్యాల జాబితాల ఆధారంగా మాత్రమే గీసే ప్రాంతీయ పటాలు అందువల్లనే అసమగ్రం.

5. తూర్పు జావా: ఒకే పదం, రెండు అర్థాలు

తోలుబొమ్మలాట ‘వయాంగ్’ రాత్రంతా సాగుతుంది. పాండవుల కథ జరుగుతున్నంతసేపూ గామెలాన్ మోగుతుంది. మధ్య జావాలో ఆ రాత్రిని మూడు ‘పథెత్’లుగా విభజిస్తారు. తొలి భాగం నెమ్, నడిరేయి తర్వాత సంగ, తెల్లవారుజాము వైపు మన్యుర. పథెత్ అంటే స్వరాల మధ్య ప్రాధాన్యక్రమం, సంచారం, వేళ, భావస్థితి కలిసిన వ్యవస్థ. ‘రాగం’ అని అనువదిస్తే కొంత అర్థమవుతుంది గాని, పూర్తిగా ఇమడదు.

తూర్పు జావాలోని సురబయ, మలాంగ్, మొజొకెర్తో ప్రాంతాల్లో స్లెండ్రో పథెత్‌లు నాలుగు: సెపులుహ్, వొలు, సంగ, సెరంగ్. ఇవి మధ్య జావా జాబితాకు ఒకటి చేర్చగా ఏర్పడినవి కావు. తూర్పు జావా ‘వొలు’ను మధ్య జావా ‘సంగ’తోనూ, తూర్పు జావా ‘సంగ’ను మధ్య జావా ‘మన్యుర’తోనూ పోలుస్తారు. అంటే ‘తొమ్మిది’ అనే అర్థమున్న సంగ రెండుచోట్లా వినిపిస్తుంది. అది సూచించే స్వరప్రపంచం మాత్రం వేరు. ఒక ప్రాంతపు పరిభాషతో మరో ప్రాంతాన్ని చదివే పరిశోధకుడు భేదాన్ని గమనించకపోవడమే కాదు, ఉన్నదాన్ని తలకిందులుగా గ్రహించే ప్రమాదం ఉంది. మాండలిక నిఘంటుకారులకు సమరూప భిన్నార్థక పదాలు పెట్టే చిక్కు ఇటువంటిదే.

తూర్పు జావాలోనూ ఒకే బాణీ లేదు. సురబయ పరిసరాల్లో లుద్రుక్ నాటకం, రెమో నాట్యం అక్కడి మద్దెల పలుకును తీర్చిదిద్దాయి. పొనొరొగో రెయోగ్ ప్రదర్శనలో సన్నాయి జాతికి చెందిన వాద్యం, అంగ్‌క్లుంగ్ ప్రధానం. ద్వీపపు తూర్పు కొసన ఉన్న బన్యువాంగిలో ఉసింగ్ జనం గంద్రుంగ్ నాట్యానికి మద్దెల, కెథుక్, గోంగ్‌లతో పాటు వయొలిన్‌లను, ‘క్లున్చింగ్’ అనే లోహపు త్రికోణాన్ని వాయిస్తారు. ఐరోపా వాద్యమైన వయొలిన్ కర్ణాటక సంగీతంలో స్థిరపడినట్లే అక్కడా స్థానిక స్వరంగా మారింది. ప్రాచీనతే ప్రాంతీయతకు కొలమానమైతే బన్యువాంగి బాణీకి చోటు దొరకదు. ప్రాంతీయత వారసత్వంగా వచ్చినది మాత్రమే కాదు; స్వీకరించి సొంతం చేసుకున్నది కూడా.

6. ప్రమాణం ఎలా ఏర్పడింది?

ఇన్ని బాణీలు ఉండగా సురకర్త పద్ధతి ‘జావా గామెలాన్’కు పర్యాయంగా మారడానికి కారణం దాని సౌందర్యమేనని కొందరు భావిస్తారు. ఆ సౌందర్యాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. కాని కొన్ని చారిత్రక వాస్తవాలను పక్కపక్కన ఉంచి చూడవలసి ఉంది.

మొదటిది లిపి. నేడు గామెలాన్ బోధనలో అత్యధికంగా వాడే అంకెల స్వరలిపి పేరు ‘కెపతిహన్’. ఇది 1900 ప్రాంతంలో సురకర్తలో రూపొందింది. కెపతిహన్ అంటే మంత్రి నివాసం. సురకర్త మంత్రి నివాసం పేరే లిపి పేరైంది. ఇందులో స్లెండ్రోను 1, 2, 3, 5, 6 అంకెలతో రాస్తారు. యోగ్యకర్తకు తనదైన మరో లిపి ఉన్నా, వ్యాప్తిలో అది దీనికి సాటి రాలేదు. రెండవది ఆకాశవాణి: సోలోషె రేడియో వెరేనిగింగ్ 1933లో సురకర్తలో ఏర్పడింది. ఆ నగరానికి సోలో అన్నది వాడుక పేరు. మూడవది విద్యాలయం: గామెలాన్ బోధనకు ప్రభుత్వం నెలకొల్పిన కన్సర్వేటరీ 1950లో అక్కడే ప్రారంభమైంది. నాల్గవది ధ్వనిముద్రణ: లోకనంత సంస్థ 1956లో అక్కడే స్థాపితమైంది. రాయడానికి, ప్రసారం చేయడానికి, నేర్పడానికి, ముద్రించడానికి కావలసిన నాలుగు సాధనాలూ ఒకే నగరంలో సమకూరాయి. ఏ నగరంలో సమకూరినా ఆ నగరపు బాణీకి ఇటువంటి స్థానమే లభించి ఉండేదని చెప్పలేము గాని, ఈ సాధనాలు లేకుండా సురకర్తకు ఈ స్థానం లభించేదని చెప్పడం మరింత కష్టం.

రాజ్యభాష కూడా ఇందుకు తోడ్పడింది. ఇండోనేషియా 1945 రాజ్యాంగంలో 32వ అధికరణకు జతచేసిన వివరణ, ప్రాంతాల సంస్కృతుల ‘శిఖరాలు’ జాతీయ సంస్కృతిలో భాగమని పేర్కొంది. శిఖరమనే ఉపమానంలో లోయ అంతర్గతంగా ఉంటుంది. ఆస్థాన గామెలాన్ సహజంగానే శిఖరమైంది. చలుంగ్, గంద్రుంగ్ ఎక్కడ నిలవాలన్నది ఆ ఉపమానం తేల్చలేదు.

అయితే ప్రమాణీకరణను కేవలం విధ్వంసంగా చూపడం కూడా సరికాదు. ధ్వనిముద్రణ ఆస్థాన బాణీనే కాక ఇతర బాణీలనూ దూరాలకు చేర్చింది. క్లాతెన్‌లో పుట్టి సెమరాంగ్‌ను కార్యక్షేత్రంగా చేసుకున్న బొమ్మలాట సూత్రధారి కి నర్తోసబ్దో (1925–1985) బన్యుమాస్ మొదలైన ప్రాంతాల ధోరణులను తన రచనల్లోకి తీసుకున్నాడు. క్యాసెట్ల ద్వారా అవి ఇంటింటికీ చేరాయి. దీనిని రెండు విధాల వ్యాఖ్యానించవచ్చు. ప్రాంతీయ బాణీలకు గౌరవం దక్కిందనవచ్చు. ఒకే రచయిత శైలిలో కరిగి, వాటి గరుకుదనం తగ్గిందనీ అనవచ్చు. రెండూ ఏకకాలంలో జరిగాయనడం సత్యానికి సమీపం.

7. విమర్శ దృక్పథం – మార్గ, దేశి భావనలు

పరిశోధన గ్రంథాల శీర్షికలే ఒక చరిత్రను చెబుతాయి. యాప్ కున్‌స్ట్ 1934లో డచ్చి భాషలో ప్రచురించిన బృహద్గ్రంథం జావా సంగీతమంతటినీ సర్వే చేయబూనింది. గజ మద పండితులు వసిస్తో సూర్యోదినింగ్రత్ తదితరుల స్వరమాపన గ్రంథం (ఆంగ్ల ప్రతి 1972) యోగ్యకర్త, సురకర్తల్లోని ‘విశిష్ట’ గామెలాన్‌లను ఎంచుకుంది. శీర్షికలోనే పరిధిని ప్రకటించడం దాని నిజాయితీ. కాని ‘విశిష్ట’ అన్న విశేషణం కొలత మొదలుకాక ముందే ఇచ్చిన తీర్పు. కొలతలు ఎంత కచ్చితమైనా, ఏది కొలవదగినదన్న నిర్ణయం కొలతకు ముందే జరిగిపోతుంది. జూడిత్ బెకర్ 1980లో స్వరలిపి మౌఖిక సంప్రదాయాన్ని ఎలా మారుస్తుందో చర్చించింది. 1991లో వెలువడిన ఆర్. ఆండర్సన్ సట్టన్ గ్రంథం శీర్షికలోనే ‘సంప్రదాయాలు’ అని బహువచనాన్ని వాడింది. ఆస్థాన నగరాలతో పాటు బన్యుమాస్, సెమరాంగ్, తూర్పు జావాలను ఒకే గ్రంథంలో పక్కపక్కన చర్చించింది. ఆ బహువచనం ఈ రంగంలో చెప్పుకోదగిన మలుపు. అయినా కేంద్ర బాణీని కూడా ఒక ప్రాంతీయ బాణీగా చదివే పని ఇంకా మిగిలి ఉంది.

భారతీయ సాహిత్య, సంగీత విమర్శకులకు ఈ సందర్భంలో మార్గ–దేశి విభజన స్ఫురించడం సహజం. మతంగుని బృహద్దేశి, నన్నెచోడుని కుమారసంభవ అవతారిక, జాయప సేనాని నృత్తరత్నావళి ఈ భావనలను వేర్వేరు కళలకు అన్వయించాయి. నృత్తరత్నావళిలోని ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి, నాలుగు దేశికి కేటాయించబడ్డాయి. ఆస్థాన గామెలాన్‌ను మార్గమని, చలుంగ్ వంటివాటిని దేశి అని పిలిస్తే వివరణ పూర్తయినట్లు తోస్తుంది.

కాని ఈ అన్వయం రెండు విధాల విఫలమవుతుంది. మొదటిది: మార్గం దేశాతీతమైనదన్న భావనపై ఆ విభజన నిలుస్తుంది. జావాలో అటువంటి దేశాతీత సంగీతం లేదు. 1755 తర్వాత ‘మార్గం’ రెండు నగరాల పేర్లతోనే వినిపిస్తుంది. రెండవది: తూర్పు జావాకు తనదైన పథెత్ వ్యవస్థ ఉంది. శాస్త్రం మార్గానికి, ప్రయోగం దేశికి చెందుతాయన్న ఊహకు అది అడ్డు నిలుస్తుంది. తూర్పు జావా సంగీతం నియమరహితమైన జానపదం కాదు. వేరే నియమాలున్న శాస్త్రం.

అయితే జాయపుని గ్రంథరచన నుంచి ఒక పాఠం గ్రహించవచ్చు. ఆయన దేశికి అనుబంధాన్ని కాక, సగం గ్రంథాన్ని కేటాయించాడు. గామెలాన్ అధ్యయనానికి కావలసింది ప్రమాణాన్ని వివరించి చివర ‘ప్రాంతీయ రూపాలు’ అనే అధ్యాయాన్ని చేర్చే ప్రణాళిక కాదు. ప్రతి బాణీనీ దాని సొంత పరిభాషతో మొదలుపెట్టి వివరించే ప్రణాళిక.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. గామెలాన్‌లో భేదం శ్రుతి స్థాయిలోనే అంతర్భాగం. అది ప్రమాణం నుంచి జారిపోవడం వల్ల కలిగింది కాదు. ప్రాంతీయత వాద్యాల్లో కంటే గరప్‌లో, పరిభాషలో, వినికిడి అలవాటులో ఎక్కువగా వ్యక్తమవుతుంది. ప్రమాణంగా స్థిరపడిన బాణీకి కూడా ఊరు, తేదీ, సంస్థలు ఉన్నాయి.

దీని పర్యవసానం కళాకారుల జీవితాలకు సంబంధించినది. సురబయలో శిక్షణ పొందే విద్యార్థి ‘సంగ’ అన్న పదాన్ని సురకర్త అర్థంలోనే నేర్చుకుంటే, తన ప్రాంతపు పెద్దలు వాయించినది అతనికి తప్పుగా వినిపిస్తుంది. ఒక బాణీ అంతరించడానికి దాన్ని నిషేధించనక్కరలేదు. దాని వారసుడి చెవికి అది పొరపాటుగా తోస్తే చాలు. జాబితాలో ఒకే పేరుతో నమోదైన గామెలాన్‌ను అనేక సంగీతాలుగా వినగలగడం అందువల్ల పరిశోధకుల అభిరుచికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. అది ఆ విద్యార్థికి తన పెద్దల సంగీతాన్ని తప్పుగా కాక, సంగీతంగా వినే అవకాశాన్ని మిగల్చడం.